26 కిలోల సంచికి ఆరంకె ఎక్కడిది? పాతకాలపు లోగోలో ఫాంటు గుర్తుపట్టే పద్ధతి

2022 జులై 18 నుంచి 25 కిలోల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడింది. ఆ నెలలో నల్లగొండలోని మా డీటీపీ షాపుకు బియ్యం వ్యాపారులంతా ఒకే పని మీద వచ్చారు. సంచి మీది 25ను 26 చేయాలి. కిలో పెరిగితే పన్ను గీత దాటినట్టే కదా! మిర్యాలగూడ వైపు నుంచి వచ్చిన ఒక సేటు ఖాళీ సంచిని కౌంటర్ మీద పరిచి, "తమ్మీ, 5 తీసి 6 పెట్టు. మిగతాదంతా అచ్చం ఇట్లనే ఉండాలె" అన్నాడు. అయిదు నిమిషాల పనే అనుకున్నాను. కానీ ఆ లోగో చేసిన డిజైనర్ సేటుకు ఒరిజినల్ ఫైలు ఇవ్వలేదు, ఇప్పుడు ఫోన్ కూడా ఎత్తడం లేదట. సంచి మీద పెద్దగా 25 అని ఉంది, కింద చిన్నగా 'సిన్స్ 1974' అని ఉంది. ఆరంకె మాత్రం ఎక్కడా లేదు. 9ని తలకిందులు చేద్దామంటే అది వేరే ఫాంటులో ఉంది.

ఆ ఒక్క అంకె కోసం రెండు రోజులు తిరిగిన దారినే ఇక్కడ వరసగా చెబుతున్నాను. సంచి అయినా, కిరాణా కొట్టు బోర్డయినా, పాత సబ్బు డబ్బా మీది పేరైనా దారి ఇదే.

ఫాంటు పేరు నిజంగా కావాలా?

ముందు ఇది తేల్చుకోండి. లోగోలో ఉన్న అక్షరాలనే పెద్దవి చేసి వాడుకోవాలంటే ఫాంటుతో పనిలేదు. ఇంక్‌స్కేప్, కోరల్‌డ్రా లాంటి బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో ట్రేస్ చేసుకుంటే, అంటే అక్షరం అంచు వెంబడి గీత గీసుకుంటే సరిపోతుంది. లోగోలో లేని అక్షరం కావాల్సి వచ్చినప్పుడే పేరు వెతకాలి. మా దగ్గరికి వచ్చే పది మందిలో ఏడుగురికి ట్రేసింగే చాలు. వాళ్లు అనవసరంగా ఫాంటు కోసం పరేషాన్ అవుతుంటారు.

ఫైలు జాడ

కంటితో చూడటం మొదలుపెట్టే ముందు పాత పీడీఎఫ్ ఏదైనా ఉందేమో అడగండి. విజిటింగ్ కార్డుదో, బిల్లు బుక్కుదో, వాట్సాప్‌లో ఎప్పుడో పంపిందో, ఏదైనా సరే. దాన్ని అక్రోబాట్ రీడర్‌లో తెరిచి కంట్రోల్, డి నొక్కితే వచ్చే పెట్టెలో ఫాంట్స్ అనే ట్యాబ్ ఉంటుంది. పేర్లన్నీ అక్కడే కనిపిస్తాయి. పేరు ముందు అర్థం లేని ఆరు అక్షరాలూ ఒక ప్లస్ గుర్తూ ఉంటే భయపడకండి. వాడిన అక్షరాలను మాత్రమే ఫైలులో పొదిగినప్పుడు అలా వస్తుంది. ప్లస్ తర్వాత ఉన్నదే అసలు పేరు. కోరల్‌డ్రా ఫైలు దొరికితే ఇంకా మేలు. మీ సిస్టంలో లేని ఫాంటు అందులో ఉంటే తెరవగానే దాని పేరు చెప్పి, బదులుగా ఏది పెట్టమంటారని అడుగుతుంది. ఆ పెట్టెను చదవకుండా ఓకే కొట్టేస్తే మాత్రం పేరు చేజారినట్టే.

ట్యాబ్ ఖాళీగా ఉంటే చాలావరకు అక్షరాలను కర్వ్స్‌గా, అంటే ఫాంటుతో సంబంధం లేని వట్టి గీతలుగా మార్చేశారని అర్థం. ప్రింటింగుకు ఇచ్చే ముందు మనమంతా కంట్రోల్, క్యూ కొడతాం కదా, అదే. సేటు తెచ్చిన పీడీఎఫ్‌లోనూ అంతే.

ఫొటో

సంచిని గోడకు ఆనించి ఫోన్‌తో తీస్తే పని చెడుతుంది. కింద సాపుగా పరిచి, నాలుగు మూలలా బరువు పెట్టి, సరిగ్గా పైనుంచి తీయండి. బాగా దగ్గరగా పెడితే అంచులు ఉబ్బుతాయి. కొంచెం ఎత్తు నుంచి జూమ్ చేసి తీయడం మంచిది. కాగితమైతే 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేయండి. ప్లాస్టిక్ సంచి ముడతలు పోగొట్టడానికి ఇస్త్రీ పెట్టె వాడకండి. సంచి కరిగి పెట్టెకు అంటుకుంటుంది. ఇది ఎవరో చెప్పగా తెలిసింది కాదు, ఇంట్లో తిట్లు తిని నేర్చుకున్నది.

బోర్డు ఎత్తులో ఉండి వంకరగా వస్తే ఫొటోలు దిద్దే ఫొటోపీలోనో జింప్‌లోనో ఆ వంకర (పర్‌స్పెక్టివ్) సరిచేయండి. తర్వాత రంగు తీసేసి, కాంట్రాస్ట్ పెంచి, అక్షరం నలుపు, వెనక తెలుపు అయ్యేలా చేయండి. పేరు వంపుగా రాసి ఉంటే ఒక్కో అక్షరాన్ని కత్తిరించి, నిటారుగా తిప్పి పక్కన పెట్టుకోవాలి.

మేకప్ తీసేయండి

పాతకాలపు లుక్ కోసం నీడలు, డబుల్ ఔట్‌లైన్లు, లోపల సన్నగీత, గీరిపోయినట్టు చుక్కలు పెడతారు. వీటిలో చాలావరకు ఫాంటులో భాగం కావు, తర్వాత కలిపినవి. ఔట్‌లైన్ కలిపి చూస్తే అక్షరం ఉన్నదానికంటే లావుగా కనిపించి మీరు తప్పుదారి పడతారు. లోపలి నిండు భాగాన్నే చూడండి.

మనవాళ్లకు ఇంకో అలవాటుంది. జాగా మిగిలితే పేరును పట్టి పక్కకు లాగేస్తారు. అడ్డంగా సాగదీసిన అక్షరంలో నిలువు గీతలు లావెక్కుతాయి, అడ్డగీతలు మునుపటంతే ఉంటాయి. అలా కనిపిస్తే ముందు దాన్ని వెనక్కి నొక్కాలి. ఎంత నొక్కాలో తెలుసుకోవడానికి నేను తెలుగులో సున్నను, ఇంగ్లిష్‌లో 'ఓ'ను చూస్తాను. అన్ని ఫాంట్లలోనూ అవి గుండ్రంగా ఉండవు. అయినా మొదటి అంచనాకు పనికొస్తాయి.

చివరగా లోగోను వరసల వారీగా విడదీయండి. ఒక లోగోలో ఒకే ఫాంటు ఉంటుందనుకోవడం పెద్ద పొరపాటు. సేటు సంచి మీద మూడు రకాలున్నాయి: పైన కమానులా తెలుగు పేరు, నడుమ లావుపాటి ఇంగ్లిష్ అక్షరాలూ 25 అంకే, కింద చేతిరాత లాంటి 'సిన్స్ 1974'.

చేతి రాతా, ఫాంటా?

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. ఎక్కువమంది దీన్ని దాటేసి నేరుగా వెతుకులాటలో పడతారు. మన ప్రాంతంలో పాత బోర్డులన్నీ పెయింటర్లు ఎనామెల్ రంగుతో, బ్రష్‌తో రాసినవే. వాటికి ఫాంటు పేరు ఉండదు. లేనిదాన్ని ఎన్ని రోజులు వెతికినా దొరకదు.

పరీక్ష తేలికే. పేరులో రెండుసార్లు వచ్చిన అక్షరాన్ని పట్టుకోండి. మొదటిదాన్ని కాపీ చేసి, సగం పారదర్శకంగా మార్చి రెండోదాని మీద పెట్టండి. గీతకు గీత కూర్చుంటే అది ఫాంటు. ఒకదాని తోక పొడుగు, ఇంకోదాని పొట్ట చిన్నగా ఉంటే చేతి రాత. ఒక్క జంటతో తీర్పు చెప్పకండి. మొదటి అక్షరాన్నీ చివరి అక్షరాన్నీ డిజైనర్లు కావాలని మారుస్తుంటారు కాబట్టి మధ్యలోని జంటలను నమ్మండి.

సీసపు అచ్చులతో కొట్టిన పాత బిల్లులూ కరపత్రాలూ అయితే లక్షణం వేరు. నల్లగొండ నుంచి 1922లోనే నీలగిరి పత్రిక వెలువడింది, అచ్చు మనకు కొత్త కాదు. సీసపు అచ్చులో ఒకే అక్షరం ఎక్కడైనా ఒకే రూపంలో ఉంటుంది. కానీ వరసలో కొంచెం ఎగుడుదిగుడుగా కూర్చుంటుంది, సిరా నొక్కుకుపోయి అంచు వెంట నల్లటి కట్ట కడుతుంది. ఒక మూల అరిగిపోయిన అక్షరం కూడా కనిపించవచ్చు. లోగో మాత్రం అప్పట్లో ఎక్కువగా జింకు బ్లాకు, అంటే బొమ్మంతా ఒకే జింకు రేకు మీద దించిన అచ్చు, చేయించేవారు. బ్లాకులోని పేరు ఆర్టిస్టు చేత్తో రాసిందే అయ్యుండవచ్చు. కాబట్టి అచ్చులో ఉందని ఫాంటు అనుకోకూడదు.

సేటు సంచి మీది తెలుగు పేరులో మూడు 'ర'లున్నాయి. ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే మూడూ మూడు రకాలు. నడుమ ఇంగ్లిష్ వరసలోని రెండు 'ఈ'లు మాత్రం వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చున్నాయి.

ఇంగ్లిష్ అక్షరాల జాడ

అక్షరాలన్నిటినీ చూడక్కర్లేదు. పెద్ద 'ఆర్' కాలు, 'జీ' గడ్డం, 'క్యూ' తోక, చిన్న 'ఏ', చిన్న 'జీ', అంకెల్లో 2, 4, 5, 7 చూస్తే చాలు. 'ఐ', 'ఎల్' ఏమీ చెప్పవు.

అక్షరాల కాళ్లకు దిమ్మల్లాంటి మందపు పాదాలుంటే స్లాబ్ జాతి. ఇందులో తరచుగా దొరికేవి రెండు. క్లారెండన్‌ను లండన్‌లో రాబర్ట్ బెస్లీ 1845లో విడుదల చేశాడు. దాని పాదం నిలువు గీతతో వంపు తిరిగి కలుస్తుంది, గీతల్లో లావు సన్నం తేడా కనిపిస్తుంది. మోనోటైప్ వాళ్ల 1934 నాటి రాక్‌వెల్‌లో అంతా ఒకే మందం, పాదం మూలమట్టంలా లంబంగా కలుస్తుంది. పెద్ద 'ఏ' కొప్పు మీద కూడా చిన్న అడ్డగీత ఉంటుంది.

పాదాలు మెత్తగా, కరిగిన వెన్నలా గుండ్రబడి, 'ఓ' లోపలి ఖాళీ నిటారుగా కాక వెనక్కి వాలి ఉంటే కూపర్ బ్లాక్ అనుకోండి. అమెరికాలో ఆస్వాల్డ్ కూపర్ 1922లో చేసింది. ఆప్యాయంగా, కొంచెం బొద్దుగా ఉంటుంది కాబట్టి తిండి వస్తువుల లోగోలకు ఇదంటే మోజు.

అంతా పెద్దక్షరాలే ఉండి, చివర్లలో సూదిమొనంత పాదాలుంటే ఫ్రెడరిక్ గౌడీ 1901లో చేసిన కాపర్‌ప్లేట్ గోథిక్. ఒక పక్క బాగా లావు, మరో పక్క పోగంత సన్నం, సినిమా హాలు బోర్డు వాలకం ఉంటే బ్రాడ్‌వే. పాదాలే లేకుండా, చిన్న 'ఏ' ఒక గుండ్రం, ఒక కర్రలా ఉంటే పాల్ రెన్నర్ 1927 నాటి ఫ్యూచురా, లేదా దాన్ని చూసి చేసినవి. హెల్వెటికాకూ ఏరియల్‌కూ తేడా 'ఆర్'లో దొరుకుతుంది. హెల్వెటికా కాలు దాదాపు నిటారుగా దిగుతుంది, ఏరియల్ కాలు ఏటవాలుగా చాపుకుంటుంది. ఏరియల్ 1982లో వచ్చింది, కాబట్టి అది కనిపించిన లోగో అంతకు ముందుది కాదు.

ఇది మంచి ఆయుధం. ఫాంటు పుట్టిన సంవత్సరం లోగో వయసును పట్టిస్తుంది. సంచి కింది 'సిన్స్ 1974' లాబ్‌స్టర్‌లో ఉంది. అక్షరాలు ఒకదానికొకటి అల్లుకుని, బ్రష్‌తో గబగబా రాసినట్టుండే ఆ ఫాంటును పాబ్లో ఇంపల్లారి 2010లో చేశాడు. పాతదనం కోరే ప్రతివాడూ దాన్ని వాడి వాడి అరగదీశారు. "ఇది మా నాయిన కాలం నాటి లోగో" అని సేటు గట్టిగా చెప్పాడు. కాదనలేదు గానీ, ఆ వరస మాత్రం 2010 తర్వాతదే. దాంతో పాత అచ్చుల వైపు వెతకడం మానేసి, ఇప్పటి కంప్యూటర్లలో ఉండే ఫాంట్ల వైపు తిరిగాను.

అక్కడ ఒక చిట్కా. చిన్న ఊళ్ల లోగోల్లో వాడేవి కొని తెచ్చిన ఫాంట్లు కావు, సిస్టంలో అప్పటికే ఉన్నవి. మైక్రోసాఫ్ట్ ఆఫీసుతో కూపర్ బ్లాక్, రాక్‌వెల్, బ్రాడ్‌వే, కాపర్‌ప్లేట్ గోథిక్, బ్రష్ స్క్రిప్ట్ వస్తాయి. కాబట్టి ముందు మీ సొంత ఫాంటు జాబితానే పైనుంచి కిందికి చూడండి. కోరల్‌డ్రాతో వచ్చే బిట్‌స్ట్రీమ్ కంపెనీ ఫాంట్లకు మారుపేర్లు ఉంటాయి. స్విస్ 721 అంటే హెల్వెటికా రూపమే, డచ్ 801 అంటే టైమ్స్, హ్యూమనిస్ట్ 521 అంటే గిల్ శాన్స్, జామెట్రిక్ స్లాబ్‌సెరిఫ్ 712 అంటే రాక్‌వెల్. ఇది తెలియక ఒకే ముఖాన్ని రెండు పేర్లతో వెతికినవాళ్లను చూశాను.

సొంత జాబితాలో దొరకకపోతే అప్పుడు వాట్‌దఫాంట్, మ్యాచరేటర్ లాంటి ఆన్‌లైన్ సాధనాలకు ఫొటో ఇవ్వండి. ఒకే వరస, అక్షరాలు ఒకదానికొకటి తగలకుండా, తిన్నగా ఉండాలి. అవి ఫాంట్లు అమ్మే సైట్లకు చెందినవి కాబట్టి తమ దగ్గరున్న వాటిలో దగ్గరిదాన్నే చూపిస్తాయి. మొదట వచ్చిన పేరే జవాబని నమ్మకూడదు. ఫొటో లేకపోయినా ఐడెంటిఫాంట్ అనే సైటు 'క్యూ తోక ఎలా ఉంది?' లాంటి ప్రశ్నలడిగి వడగడుతుంది.

తెలుగు వరస

ఈ సాధనాలు తెలుగు దగ్గర చేతులెత్తేస్తాయి. ఇక్కడ మన కన్నే దిక్కు.

మొదట తలకట్టు చూడండి. అది అక్షరానికి అతుక్కుందా, పైన తేలుతోందా? దాని తోక కోసుగా ముగిసిందా, గుండ్రంగానా, నరికినట్టు చదరంగానా? ఒక ఫాంటు స్వభావం అంతా ఆ చిన్న టిక్కులో ఉంటుంది. ఖ, జ, ట, ణ, బ, ల లకు తలకట్టు ఉండదు కాబట్టి వాటితో ఈ పరీక్ష కుదరదు. క, ర, స, న, మ పట్టుకోండి.

తర్వాత వత్తులు. శ్రీలో ర వత్తు ఎడమ నుంచి అక్షరాన్ని చుట్టుకుందా, కింద విడిగా కూర్చుందా? క్ష్మి లాంటి చోట రెండు వత్తులు ఒకదాని కింద ఒకటి ఉన్నాయా, పక్కకు జరిగాయా? వత్తు అసలు అక్షరంలో ఎంత సైజు? లోగోలో శ్రీ ఉంటే మన అదృష్టం. ఆ ఒక్క అక్షరంలోనే వత్తూ, గుడిదీర్ఘమూ, అక్షరం పొట్టా అన్నీ తెలుస్తాయి.

డీటీపీ షాపుల్లో చాలాకాలం రాజ్యమేలినవి అను ఫాంట్లు, శ్రీలిపి. ఇవి యూనికోడ్‌కు, అంటే ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే ఇప్పటి పద్ధతికి, ముందు పద్ధతిలోవి. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను పెట్టి, వాటిని పక్కపక్కన అతికించి అక్షరం కడతాయి. అందుకే వెడల్పు అక్షరం కిందా ఇరుకు అక్షరం కిందా వత్తు ఒకే దూరంలో పడి, ఒకచోట గుద్దుకుని, మరోచోట ఖాళీ వదిలిన జాడ చాలాసార్లు కనిపిస్తుంది. పీడీఎఫ్ నుంచి పేరును కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వేస్తే ఇంకా స్పష్టం: తెలుగే వస్తే యూనికోడ్ ఫాంటు, ఇంగ్లిష్ అక్షరాల గజిబిజి వస్తే పాత పద్ధతిది.

యూనికోడ్ అని తేలితే గూగుల్ ఫాంట్స్‌లో భాష తెలుగు అని పెట్టి, పైన మీ లోగో పేరునే టైప్ చేయండి. జాబితా అంతా అదే పేరుతో కనిపిస్తుంది. అరగంటలో చూసేయవచ్చు. రామభద్ర, పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన్న, మండలి, సురవరం... కవుల సభలా ఉంటుంది. మన పాలమూరువాళ్లకు ఓ ముచ్చట: సురవరం ఫాంటుకు ఆ పేరు, 1926లో గోల్కొండ పత్రిక పెట్టిన సురవరం ప్రతాపరెడ్డి గారిది. బొద్దుగా, గుండ్రంగా ఉంటే 'బాలూ తమ్ముడు' అనే ఫాంటు కూడా చూడండి. విండోస్‌తో వచ్చే గౌతమి, వాణి, నిర్మల ఫాంట్లను లావు చేసి, ఔట్‌లైన్ పెట్టి లోగో అనిపించడం కూడా మామూలే.

పాత బోర్డుల మీద తెలుగుతో పాటు ఉర్దూ వరస కూడా ఉంటుంది. చేత్తో రాసిన నస్తలీఖ్ (ఉర్దూ వాలు రాత) అయితే ఫాంటు ప్రశ్నే లేదు. కంప్యూటర్‌ది అయితే ముందు 1981లో వచ్చిన నూరీ నస్తలీఖ్ వంశాన్ని చూడండి. అందులో అక్షరాల గుంపును గుంపుగానే గీసి పెట్టారు కాబట్టి ఒకే మాట ఎన్నిసార్లు వచ్చినా రూపం మారదు.

సరిచూడటం

అనుమానమున్న ఫాంటులో అదే పేరు టైప్ చేసి, ఎరుపు రంగు ఇచ్చి, ఫొటో మీద పెట్టండి. ఒక అక్షరం ఎత్తు సరిచేసి, మిగతావి వాటంతట అవే కూర్చుంటాయో లేదో చూడండి. ఒక్కో అక్షరాన్నీ లాగి కూర్చోబెట్టాల్సి వస్తే అది ఆ ఫాంటు కాదు. సంచి మీద సిరా పాకుతుంది, నేత వల్ల అంచు రంపంలా తెగుతుంది. కాబట్టి ఫొటోలోని అక్షరం చుట్టూ సమానంగా కొంచెం లావుగా ఉంటే పట్టించుకోనక్కర్లేదు. ఒక పక్కే తేడా ఉంటే అనుమానించండి.

సేటు 25 మీద కూపర్ బ్లాక్ పెట్టాను. 2 కూర్చుంది, 5 కూర్చుంది, ఇంగ్లిష్ పేరు మొత్తం కూర్చుంది. వెడల్పు మాత్రం 8 శాతం లాగి ఉంది. ఆరంకె టైప్ చేసి అంతే లాగితే పని అయిపోయింది. రెండు రోజుల వెతుకులాటకు జవాబు మొదటి నుంచీ నా సిస్టంలోనే ఉంది.

ఫాంటు లేదని తేలితే

సంతోషించే లోపే సేటు ఇంకోటి అడిగాడు. తెలుగు వరస కింద 'తెలంగాణ సోనా' అని అదే రాతలో పెట్టాలట. తెలుగు వరస పెయింటర్ రాసింది. దుకాణం పాత బోర్డు నుంచి ఎత్తి లోగోలో పెట్టారని అప్పుడు చెప్పాడు. అంటే 'నాయిన కాలం' మాట సగం నిజమే.

ఇలాంటప్పుడు ఉన్న అక్షరాల నుంచి ముక్కలు తెచ్చి కట్టాలి. సంచి మీద అదే చేతి రాతలో 'నాణ్యమైన సన్న బియ్యం' అని ఉంది. దాంట్లో న, ణ, స, దీర్ఘం, సున్న దొరికాయి. గ అంటే ఒక కమాను, దాని మీద నా లోని దీర్ఘం పెడితే గా. త, ల, ఎత్వం, ఓత్వం మాత్రం కొత్తగా గీయాల్సిందే. గీసేటప్పుడు బ్రష్ మందం ఎక్కడ పెరిగి ఎక్కడ తగ్గిందో పాత అక్షరాల్లో కొలిచి, అదే లెక్క పాటించాను. రెండు న లు వాడాల్సి వస్తే ఒకే ముక్కను రెండుసార్లు అతికించకండి, కొంచెం మార్చండి. లేకపోతే చేతి రాతలో అచ్చు జొరబడినట్టు ఇట్టే తెలిసిపోతుంది.

లైసెన్సు మాట ఒక్కటి. గూగుల్ ఫాంట్స్‌లోని తెలుగు ఫాంట్లూ, లాబ్‌స్టరూ ఓపెన్ ఫాంట్ లైసెన్సులో ఉన్నాయి, వ్యాపార లోగోకు వాడుకోవచ్చు. మిగతావాటికి నిబంధనలు చదవండి. ఇతరుల లోగోను అచ్చంగా దించి మీ పేరు పెట్టుకోవడం మాత్రం ఫాంటు విషయం కాదు, ట్రేడ్‌మార్కు గొడవ.

సేటుకు ఫైలు ఇచ్చేటప్పుడు ఓ మూలన చిన్నగా 'కూపర్ బ్లాక్, 108 శాతం వెడల్పు, లాబ్‌స్టర్, తెలుగు చేతి రాత' అని టైప్ చేసి పెట్టాను. కర్వ్స్ చేయని కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాను. ఆయన సంచి ప్రింటు తీసుకుని వెలుతురులోకి పోయి, 26ను కాసేపు చూసి, "6 కొంచెం పెద్దగ కొట్టరాదు?" అన్నాడు.